పొలిమేర దారం

రండర్రా, ఇలా నెగడి దగ్గరికి జరగండి. ఆ దుప్పటి ఇద్దరూ కలిపి కప్పుకోండి, లాక్కోకండి. పొద్దింకా ఉంది, గంటి అంబలి కాగేలోగా ఒక మాట చెప్తాను. పనసగుడ చిట్టెమ్మ మాట.

పనసగుడ అంటే అరకు సంతకి పైన, జీపు దిగేక కూడా కొండెక్కాల్సిన ఊరు. చిట్టెమ్మ మొగుడు బుధు, మాట తక్కువ మనిషి. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది వెన్నెల, కింద ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివేది, హాస్టల్లో ఉండేది. చిన్నది స్వర్ణ, అప్పటికింకా అమ్మ కొంగు వదలని గుంట. ఇద్దరికీ మధ్య ఎడం ఎక్కువ. అందుకనో ఏమో, చిన్నదానికి అమ్మ కంటే అక్కంటేనే ప్రాణం. అక్క సెలవులకొస్తే ఆ మెడ దిగేది కాదు.

వెన్నెల పరుగు సంగతి ముందు కనిపెట్టింది వాళ్ళ బళ్ళో ఆటలు నేర్పే బిందుమాధవి మేడమ్. విజయనగరం మనిషి, సన్నగా రివటలా ఉంటాది, గొంతు మాత్రం పెద్దది. ఒకనాడు ఆవిడ రొప్పుతూ రోజుతూ కొండెక్కి చిట్టెమ్మ ఇంటికొచ్చింది. వెన్నెల్ని పోటీలకి పంపమని అడగడానికి. ఊరి దిశారి గాసి కూడా వచ్చి అరుగు మీద కూచున్నాడు. దిశారి అంటే తెలుసు కదా, మన ఊళ్ళకి మంచిరోజు చూసి, పండగ చెప్పి, కీడు కట్టే పెద్ద. ఆయన మాట దాటి ఊళ్ళో కోడి కూడా కుయ్యదు.

"నిక్కరేసుకుని గెంతుతాదా మా గుంట?" అన్నాడు గాసి.

"పరుగెత్తాలంటే వేసుకోవాలి కదా తాతా."

"ఈడొచ్చిన ఆడగుంటలు అలా అదే పనిగా పరుగులెడితే గర్భసంచి జారిపోద్దమ్మా. రేపు పిల్లలు పుట్టరు."

మేడమ్‌కి కోపం వస్తాదనుకున్నారంతా. ఆవిడ పకపకా నవ్వింది. "తాతా, అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అచ్చం ఈ మాటే అన్నారు తెలుసా? వందేళ్ళ కిందట."

"అయితే నేనూ డాకటర్నే!" అన్నాడు గాసి మీసం దువ్వుకుంటూ.

చిట్టెమ్మకి ఆశ్చర్యమేసింది. "దొరసానులక్కూడా ఇదేనేటి మేడమ్?"

"ఇదే. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు కొంచెం దూరం ఎక్కువ పరుగెత్తి, ఆయాసంతో కూలబడ్డారని, ఆ పందెమే ముప్పై ఏళ్ళ పైన లేకుండా చేశారు. మగాళ్ళు కూలబడితే మాత్రం ఎంత కష్టపడ్డాడో అన్నారు. అమెరికాలో ఒకావిడ మగాళ్ళతో పాటు రోడ్డు మీద పరుగు పందేనికి దిగితే, పందెం పెట్టినాయనే వచ్చి చొక్కా పట్టుకుని బయటికి లాగబోయాడు. ఇంక నల్లజాతి ఆడపిల్లలు గెలిస్తే, వాళ్ళు మోటుపనికి పుట్టినవాళ్ళు, పరుగెత్తరూ మరి, అని తేలిగ్గా తీసేశారు. అంటే తెల్లవాళ్ళ పిల్ల పరుగెత్తలేదు, నల్లవాళ్ళ పిల్ల పరుగెత్తినా అది గొప్ప కాదు. తర్వాత ఒక చట్టం వచ్చింది, బళ్ళో మగపిల్లలకెంతో ఆటల్లో ఆడపిల్లలకీ అంతే అని. అప్పుడు కొంచెం మారింది."

చిట్టెమ్మ గాసి వైపు తిరిగింది. "మావా, నాను నెలలు నిండేక కూడా కట్టెలమోపు మోసేను. ఈ కొండ దిగేను, ఎక్కేను. అప్పుడు జారిపోద్దని ఒక్కడూ అన్లేదేటి?"

అరుగు కింద కూచున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. గాసి తలగోక్కుని, "పంపుకో కోడలా, నాకేటి, నీ గుంట నీ ఇష్టం" అని లేచిపోయాడు. అలా వెన్నెల పరుగుకి ఎళ్ళింది. ఎళ్ళమన్నది చిట్టెమ్మే. ఇది గుర్తెట్టుకోండి, ఆ తల్లి చెడ్డది కాదు.

ఆ ఏడు చలికాలం, కాఫీపళ్ళు కోసే రోజులు. కింద ఊళ్ళలో జ్వరాలొచ్చాయని కబురొచ్చింది. ఊరిమీద జ్వరాలంటే దిశారి పొలిమేరలో దారం కడతాడు. పసుపులో ముంచిన నూలుదారం, మధ్య మధ్య వేపరెమ్మలు గుచ్చి, దారికి అడ్డంగా చెట్టుకీ చెట్టుకీ కడతాడు. ఊరోళ్ళెవరొచ్చినా దాని ముందు ఆగాలి. వంగి నేల ముట్టి కళ్ళకద్దుకుని కిందనుంచి దూరాలి. జ్వరానికి వంగడం రాదట. నిటారుగా నడిచొస్తాదట. దారం గుండెకి తగిలితే వెనక్కి తిరిగెళ్ళిపోద్దట. అందుకని దాన్ని తెంపకూడదు. తెగిందా, ఊరికి తలుపు తీసినట్టే.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఏ ఇంట్లో ఒళ్ళు వెచ్చబడినా దిశారికి చెప్పాలి. ఆయనొచ్చి ఆ చూరులో వేపకొమ్మ గుచ్చుతాడు. కొమ్మ తీసేవరకూ ఆ ఇంట్లోంచి మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు.

గాసి దారం కట్టింది మధ్యాహ్నం. ఆ పొద్దుటే చిట్టెమ్మ స్వర్ణని ఎత్తుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది.

చెప్పాలి కదా? చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆ సాయంత్రం వెన్నెల వస్తాది. దసరా తర్వాత మళ్ళీ ఇంటికి రావడం అదే. చూరులో కొమ్మ గుచ్చితే పెద్దదాన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపెయ్యాలి. చిన్నది పొద్దున్నించీ "అక్క, అక్క" అని గుమ్మంకేసే చూస్తన్నాది. మంచుకి వెచ్చబడింది, అల్లం కషాయం పోస్తే తగ్గిపోద్ది, పెద్దది ఒక్క పూట నా చేతి కూడు తినెళ్ళనీ, అనుకుంది తల్లి. మీరైతే ఏటి చేద్దురో ఆలోచించండి, తర్వాత నోరెత్తండి.

సాయంత్రం వెన్నెల జీపు దిగింది. దారం కట్టిన సంగతి దానికి తెలీదు. మంచు దిగిపోయింది. మేడమ్ ఇచ్చిన కొత్త బూట్లేసుకుంది, ఎక్కడో పందెంలో నెగ్గిన పతకం మెళ్ళో ఉంది, చెల్లి మెళ్ళో వెయ్యాలని ఒకటే ఆత్రం. కొండదారంట పరుగెత్తుకొచ్చింది. గుండెకేదో తగిలి పుటుక్కుమంది. సాలెగూడనుకుని చేత్తో తుడిచేసుకుంది. ఇంటికొచ్చేక చూస్తే చొక్కాకి పసుపు, జుట్టులో వేపాకు.

చిట్టెమ్మ ఆ వేపాకు చూసింది. గబుక్కున తీసి పొయ్యిలో పడేసింది. ఆ పూట అక్కాచెల్లెళ్ళు ఒక్క కంచంలో తిన్నారు.

మూడోనాటికి స్వర్ణకి మాట పడిపోయింది. బుధూ ఇంకో మనిషీ డోలీ కట్టి కొండ దించారు. జీపురోడ్డు దాకా చేరనేలేదు, దారిలోనే ఆ గుంట ప్రాణం పోయింది. డోలీ వెనక్కి తిరిగొస్తన్నప్పుడు తెగిన దారం ఇంకా ఆ చెట్టుకి వేలాడతన్నాది. ఎవరో అడిగారు, ఎవలు తెంపేరని. వెన్నెల చొక్కా మీద పసుపు మరక ఊరంతా చూసిందే.

అప్పుడు, ఆ దుఃఖంలో, బిడ్డ ఒళ్ళో చల్లగా ఉండగా, చిట్టెమ్మ నోట్లోంచి ఒక మాటొచ్చింది.

"నీ కాళ్ళు పడిపోనూ! నువ్వు పరుగెత్తుకురాకపోతే నా గుంట బతికేది కదే!"

వెన్నెల ఏడవలేదు. బూట్లిప్పి పక్కన పెట్టింది. అంతే.

చిట్టెమ్మకి తెలుసు. జ్వరం ముందే వచ్చింది, దారం తర్వాత తెగింది. లోకంలో ఆ వరస తెలిసింది తనొక్కతికే. రేపు చెబుదాం అనుకుంది. దినాలయ్యేక చెబుదాం అనుకుంది. చెబితే ఊరేమంటాది? జ్వరం దాచి ఇల్లిల్లూ తిరిగింది ఇదే కదా, అంటాది. బుధు ఏమంటాడు? ఇలా అనుకుంటూండగానే వెన్నెల హాస్టల్‌కి ఎళ్ళిపోయింది.

నెలలు గడిచేయి. ఒక సంతరోజు చిట్టెమ్మ అల్లం పోసుకుని కూచుంది. పక్కన ఎండుచేపలమ్మే వరహాలు, పల్లం నుంచొచ్చిన మనిషి, నోరు ఊరుకోదు.

"ఏవమ్మా చిట్టెమ్మా, మీ గుంట పాడేరులో రిబ్బనుకి దండం పెట్టిందటగా! పరుగుపందెం అనుకుందో, మా పైడితల్లి జాతరనుకుందో!"

"ఏ రిబ్బను?"

"ఓసినీ, తెలీదేటి? మా అల్లుడు అక్కడే ఉన్నాడు. కడుపుబ్బ నవ్వేడట."

చిట్టెమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఇంతలో బిందుమాధవి మేడమ్ ఆవిడ్ని వెతుక్కుంటూనే వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. అల్లం కుప్ప పక్కన గోనె మీదే కూలబడింది.

"ఫస్టులో ఉంది చిట్టెమ్మా. రెండో పిల్ల ఎక్కడో వెనకుంది. మొదటి రౌండ్లన్నిట్లో సున్నం గీతే, ఎగిరి దాటేసింది. ఫైనల్‌కి ఎవరో పెద్దాయన వచ్చాడని గీత మీద రిబ్బను పట్టుకున్నారు. పసుపు రిబ్బను. దాని ముందుకొచ్చి ఠక్కున ఆగిపోయింది. వంగింది, నేల ముట్టుకుంది, కళ్ళకద్దుకుంది. అప్పుడు కిందనుంచి దూరింది. ఈలోగా వెనకాళ్ళు రిబ్బను తెంపుకుని పోయారు. గ్రౌండంతా నవ్వే. మైకులో ఆయన, కొండ దిగొచ్చారు, రిబ్బనెప్పుడు చూశారు పాపం, అన్నాడు. అంతకు ముందు అది అందర్నీ దాటుతుంటే, అడివిలో తిరిగే కాళ్ళు కదా, ఆ మాత్రం పరుగెత్తవూ, అన్నదీ ఆయనే."

చిట్టెమ్మ అల్లంకొమ్ముకి మట్టి గోకుతూనే ఉంది.

"ఎందుకలా చేశావే అంటే నోరిప్పదు. మీకేమైనా తెలుసా?"

"తెలీదు మేడమ్."

"చింతపల్లిలో ఇంకో సెలెక్షన్ ఉంది. స్పోర్ట్స్ స్కూలుకి అదే ఆఖరు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. నేను బతిమాలి పేరు రాయించాను. అక్కడా రిబ్బనుంటుంది చిట్టెమ్మా. మీరొకసారి వచ్చి ధైర్యం చెప్పండి."

మేడమ్ ఎళ్ళిపోయేక చిట్టెమ్మకి అమెరికాలో డాక్టర్లన్న మాట జ్ఞాపకమొచ్చింది. ఒక్క మాటకి ముప్పై ఏళ్ళు ఆ ఆడవాళ్ళ కాళ్ళు ఆగిపోయేయట. అది చట్టమొచ్చి తీసింది. మరి కన్నతల్లన్న మాట ఎవరొచ్చి తీస్తారు? తనే తియ్యాలి.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు మీరు. హాస్టల్ ఫోను వార్డెన్ చేతిలో ఉంటాది, ఆవిడ పక్కనే నిలబడి వింటాది. అయినా అలాంటి మాట ఫోనులో చెప్తారా? ఆ గుంట తల ఒళ్ళో పెట్టుకుని చెప్పాలి. పందెం ముందు చెప్పేస్తాను, అనుకుంది. బుధుకి కూడా చెప్పకుండా తెల్లారకట్ల బయల్దేరింది.

అరకులో జీపెక్కింది. పాడేరులో మారింది. జనం లోపలా పైనా, వెనక నిచ్చెన మీదా వేలాడతన్నారు. చింతపల్లి దారిలో మలుపు దగ్గర లారీ ఒకటి అడ్డం పడిపోయింది. మంచు ఎంతలా ఉందంటే ఎదురుగా ఉన్న లారీ హారనే వినబడతన్నాది, బండి కనబడదు. "బేగి పోనీ బాబూ, నా గుంట పందెం" అని ఆవిడ, "ఎగిరి పొమ్మంటావేటమ్మా" అని డ్రైవరు. జీపు దిగి గ్రౌండు దాకా పరుగెత్తింది, ఆ వయసులో, చెప్పుల్లేకుండా.

ఎళ్ళేసరికి పిల్లల్ని గీత దగ్గర నిలబెట్టేశారు. వెన్నెల అవతలి చివర, చిన్న బొమ్మలాగ. కేకేస్తే వినబడదు. మధ్యలో పోవడానికి లేదు, సున్నం గీతలు, ఈలలూ. ఇవతలి చివర ఇద్దరు రిబ్బను పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒక ముసలి అటెండరు చలికి వణుకుతూ, "ఎవరైనా కాసేపు పట్టుకోండ్రా, ఒక్క టీ తాగొస్తాను" అని గొణుగుతున్నాడు.

చిట్టెమ్మకి అప్పుడొక ఆలోచన వచ్చింది. మాట చెప్పడానికి ఎలాగూ వేళ లేదు. దారాన్ని నేనే పట్టుకుంటే? గుంట దూరం నుంచి చూస్తాది. అమ్మే పట్టుకుంది, అమ్మే తెంపమంటన్నాది, ఇంక తప్పు లేదు, అని తెలుసుకుంటాది. చెప్పలేని మాట చేతులు చెప్తాయి.

"ఇలాగియ్యి బాబూ, నాను పడతాను."

"గట్టిగా కాదమ్మా, వేళ్ళతో. రొమ్ము తగలగానే వదిలెయ్యాలి."

విజిల్ వేశారు.

ఎలా పరుగెత్తిందో ఏం చెప్పమంటారర్రా! అంతకు ముందు కూతురి పరుగు చిట్టెమ్మ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. నీళ్ళకెళ్తేనో మేకల వెనకో చూసిందే గానీ ఇలా బారుగా, తనకేసి వస్తూంటే చూడలేదు. మెడ నిటారుగా, చేతులు పక్కల కానుకుని, పాదం నేలకి ఆనిందో లేదో. సగం దాటేసరికి పక్కన ఎవరూ లేరు. మేడమ్ గోల పెట్టేస్తన్నాది. చిట్టెమ్మ కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "రా నా తల్లీ! తెంపీ! తెంపీయే!" అని అరుస్తన్నాది.

వెన్నెల రిబ్బను చూసింది. ఆ చివర వేళ్ళు చూసింది. వేళ్ళ పైన మొహం చూసింది.

ఆగిపోయింది.

ఈసారి వంగలేదు, దూరలేదు. రిబ్బనుకి జానెడు దూరంలో రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుని, ఎక్కడ తగిలిపోతాదో అన్నట్టు వెనక్కి వాలి నిలబడిపోయింది. చిట్టెమ్మ రిబ్బను కింద పడేసింది, "పోయే, దాటు!" అంది. అప్పటికి పక్కనించి ఒకత్తి, ఇంకొకత్తి, గాలిలా పోయేరు. అవతల జనం చప్పట్లు కొట్టేరు.

గ్రౌండు పక్క కంచె దగ్గర తల్లీకూతుళ్ళు కూచున్నారు. మేడమ్ దూరంగా మొహం తిప్పుకుని నిలబడింది.

"ఎందుకాగిపోయేవే గుంటా? నానే కదా పట్టుకున్నాను!"

"అందుకేనమ్మా" అంది వెన్నెల. "ఎవరో పట్టుకుంటే తెంపీసుందును. మేడమ్ చెప్పింది, అది ఉత్త గుడ్డపేలికని. నేర్చుకున్నాను కూడా, రోజూ హాస్టల్లో ఓణీ కట్టుకుని తెంపడం నేర్చుకున్నాను. తీరా వస్తే నువ్వు పట్టుకున్నావు. నువ్వు పట్టుకున్న దారం నాను మళ్ళీ ఎలాగ తెంపుతాను?"

అదీ జరిగింది. చిట్టెమ్మ రాకపోయుంటే ఆ పిల్ల నెగ్గేది.

అప్పుడు చెప్పింది చిట్టెమ్మ. పొద్దుటే స్వర్ణ ఒళ్ళు కాలిందనీ, కొమ్మ గుచ్చితే నువ్వు ఇంట్లోకి రాలేవని దాచేననీ, నీ జుట్టులో వేపాకు పొయ్యిలో వేసింది నేనేననీ, నీ కాళ్ళ తప్పేమీ లేదనీ. తల బాదుకుంటూ చెప్పింది. వెన్నెల అంతా వింది. అమ్మ చెయ్యి పట్టుకుని బాదుకోకుండా ఆపింది కూడా. ఆఖరికి ఒక్కటే అడిగింది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

మంచు లేచిపోయి ఎండ కాసింది. పిల్లలందరికీ అరటిపళ్ళు పంచుతున్నారు. వెన్నెల తనది ఒలిచి సగం అమ్మకిచ్చింది. తిన్నారు.

ఆ సీటు వేరే పిల్లకెళ్ళింది. మంచి పిల్లే, దాన్ని తిట్టకండి. వెన్నెల పది పాసై చదువు మానేసింది. ఇప్పుడు కాఫీ నర్సరీలో మొక్కలకి సంచుల్లో మట్టి నింపుతాది. కొండదారిలో నలుగురాడవాళ్ళు ముందెళ్తూంటే వాళ్ళ వెనకే నడుస్తాది, దాటదు. మేడమ్ రెండుసార్లు కబురంపింది. నవ్వి ఊరుకుంది.

మళ్ళీ ఏడు గాసి దారం కట్టినప్పుడు చిట్టెమ్మ ఊరందరి ముందూ నోరు విప్పింది. జ్వరం దాచేనని చెప్పింది. బుధు అలా చెట్లలోకి ఎళ్ళిపోయేడు, చీకటి పడేక వచ్చేడు. గాసి పెద్దగా ఊపిరి వదిలి, "అయితే నా దారం తప్పు లేదన్నమాట!" అన్నాడు. ఆయన బాధ ఆయనది. ఆడవాళ్ళు మాత్రం, "పోనీలే వదినా, పోయిన గుంట వస్తాదా, ఇప్పుడెందుకా ఊసు" అన్నారు. అన్నారు గానీ, సంతలో కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఇప్పటికీ పాత కథే చెప్తారు. పరుగెత్తుకొచ్చి దారం తెంపేసిన గుంటంటే ఈ వెన్నెలే, తర్వాత చెల్లి చచ్చిపోయింది, అని. అలా చెప్తే కథ బాగుంటాది మరి. జనం అయ్యో అంటారు, చెవులు కొరుక్కుంటారు.

అందుకే మిమ్మల్ని కూచోబెట్టుకుని చెప్తన్నాను. మీకు గుర్తుండాలి. రేపు మీరు బళ్ళకీ సంతలకీ ఎళ్తారు, ఎవరో ఒకరు వెన్నెల పేరెత్తుతారు. అప్పుడు మీరు నోరు చేసుకునైనా సరే అడ్డం పడి చెప్పండి. మిగతావి మర్చిపోయినా పరవాలేదు, చిట్టెమ్మన్న నా పేరూ అక్కర్లేదు. ముందు జ్వరం వచ్చింది, తర్వాత దారం తెగింది. ఈ వరస మాత్రం తిరగెయ్యకండి నా తల్లులూ. ముందు జ్వరం. తర్వాత దారం. ఏదీ, ఒకసారి మీరు చెప్పండి, వింటాను.